ఫోన్ చేసి చెప్పే అద్దెదారు దొరికితే వదులుకోకండి

"మొదటిసారి ఒక ఫ్లాట్ కొని అద్దెకిద్దామనుకుంటున్నాను. రిపేర్ల గురించి, అద్దెకుండేవాళ్ల గురించి ముందే ఏం తెలుసుకోవాలి?" అని అడిగారు.

ఈ మాట ఎత్తగానే చాలామంది ఎలాంటివాళ్లకు ఇల్లు ఇవ్వకూడదో చెప్పడం మొదలుపెడతారు. నాకు ఆ జాబితాల మీద నమ్మకం లేదు. అద్దె కట్టగల ఆదాయం ఉందా, ఇంతకుముందు ఉన్న ఇంటి ఓనర్ ఏమంటున్నారు, ఈ రెండూ కనుక్కుంటే చాలు. ఆ తర్వాత నేను చూసేది ఒక్కటే: ఇంట్లో ఏదైనా తేడా వస్తే వెంటనే ఫోన్ చేసి చెప్పే మనిషేనా కాదా. అలాంటివాళ్లు దొరికితే కాస్త తక్కువ అద్దెకైనా ఉంచుకోవాలంటాను. ఎందుకంటానో చెబుతాను.

నేను అద్దెకివ్వడానికి కొన్నది పాత ఫ్లాట్. అమ్మినాయన అమ్మే ముందు ఇల్లంతా రంగులు వేయించాడు. చూడ్డానికి తళతళలాడింది. అందులో అద్దెకు దిగినావిడ కొన్నాళ్లకు ఫోన్ చేసింది. "మేడమ్, ఒక విషయం చెప్పాలి, ఏమీ అనుకోకండి. బెడ్‌రూమ్‌లో బాత్రూమ్ వైపు గోడ కింద రంగు ఉబ్బుతోంది" అంది. వెళ్లి చూస్తే పుట్టీ పెచ్చులుగా రాలుతోంది, తెల్లగా ఉప్పులాంటి పొడి పైకి తేలింది, చెయ్యి పెడితే తడి తెలుస్తోంది.

ప్లంబర్‌ని పిలిచాను. అతను గుమ్మం దగ్గరే నిలబడి చూసి, బాత్రూమ్ ఫ్లోరింగ్ మొత్తం తవ్వి వాటర్‌ప్రూఫింగ్ చేయాలన్నాడు. పెయింటర్‌ని అడిగితే చెమ్మను ఆపే కోటింగ్ ఉంది, వేస్తే సరిపోతుందన్నాడు. నేను ఇద్దరినీ ఆపాను. నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో తెలియకుండా సుత్తి పట్టినా బ్రష్షు పట్టినా డబ్బు దండగే. నీరు కారేది ఒకచోట, బయటపడేది ఇంకోచోట. పైపు వెంటో స్లాబ్ వాలు వెంటో పాకి, ఎక్కడ దారి దొరికితే అక్కడ తేలుతుంది.

ముందు కుళాయిలన్నీ కట్టేసి నీళ్ల మీటర్ చూశాం. ముల్లు కదల్లేదు. అంటే ఎప్పుడూ ప్రెజర్ ఉండే పైపుల్లో లీకు లేదు. తర్వాత నేల మీది జాలీ గట్టిగా మూసి బాత్రూమ్‌లో నీళ్లు నిలబెట్టాం. నీటిమట్టం దగ్గర గోడకు గుర్తు పెట్టి 24 గంటలు వదిలేశాం. మట్టం తగ్గలేదు, అంటే నేలా బాగానే ఉంది. ఫ్లోరింగ్ తవ్వించి ఉంటే ఆ ఖర్చంతా పోయి, గోడ మాత్రం అలాగే తడుస్తూ ఉండేది. అయినా ప్లంబర్ తగ్గలేదు, పైఇంటివాళ్లదే తప్పని తేల్చేశాడు.

అప్పుడు ఆవిడే అంది, "ఆ మధ్య షవర్‌కి ఉప్పు పట్టి నీళ్లు రాకపోతే కొన్నాళ్లు కింది కుళాయితోనే స్నానాలు చేశాం. అప్పుడు ఈ గోడ ఆరినట్టే అనిపించింది. షవర్ బాగయ్యాక మళ్లీ తడి మొదలైంది" అని. కిటుకంతా ఆ మాటలోనే ఉంది. నీళ్లను కింది కుళాయికో షవర్‌కో మళ్లించే డైవర్టర్ నుంచి షవర్ దాకా గోడలో పైకి వెళ్లే పైపులో షవర్ తిప్పినప్పుడే నీళ్లుంటాయి. అన్నీ కట్టేసి మీటర్ చూస్తే ఆ పైపులో లీకు దొరకదు. షవర్ తల విప్పి, ఆ చివర ప్లగ్ బిగించి, షవర్ వైపు తిప్పి పెట్టి మీటర్ చూస్తే ముల్లు మెల్లగా కదలడం మొదలుపెట్టింది. నాలుగు టైల్స్ తీస్తే దొరికింది. లోపల పైపు మలుపు తిరిగే ఎల్బో జాయింట్ దగ్గర చుక్కచుక్కగా కారుతోంది. కొత్తది వేయించి, గోడ మూయకముందే మళ్లీ ప్రెజర్ పెట్టి చూసి, అప్పుడు టైల్స్ అతికించాం. ఉబ్బిన చోట గీకించి వారాల తరబడి ఆరనిచ్చాకే పుట్టీ పెట్టించాను. ఆరని గోడకు రంగు వేస్తే అది మళ్లీ ఉబ్బుతుంది. చాలామంది ఓనర్లు రెండోసారి ఖర్చుపెట్టేది ఇక్కడే.

ఆవిడ "ఏమీ అనుకోకండి" అని ఎందుకు మొదలుపెట్టిందో తర్వాత మాటల్లో తెలిసింది. ఇంతకుముందు ఉన్న ఇంట్లో ఏం చెప్పినా ఓనర్ విసుక్కునేవాడట, లేదంటే అద్దె పెంచే మాట ఎత్తేవాడట. దాంతో చెప్పడమే మానేశారు. ఇది తలచుకుంటే నాకు చాలా కోపం వస్తుంది. ఇల్లు ఓనర్‌ది, రోజూ కళ్లతో చూసేది మాత్రం అద్దెకున్నవాళ్లు. ఆ కళ్లను తనే మూయించేసి, రెండేళ్ల తర్వాత ఇల్లు ఖాళీ చేశాక పాడైన గోడ చూసి వాళ్ల అడ్వాన్స్‌లో కోసుకుంటాడు. కారే పైపుకు అద్దెకున్నవాళ్ల బాధ్యత ఏమిటి? ఎండకు వెలిసిన రంగు, వాడకానికి అరిగిన కుళాయి, ఇవి ఎవరున్నా జరిగేవే. పగలగొట్టింది వేరు, అరిగింది వేరు. ఇల్లు ఇచ్చిన రోజు ప్రతి గదీ, ప్రతి కుళాయీ తిప్పి చూపిస్తూ వీడియో తీసి, మీటర్ రీడింగ్‌లతో సహా వాళ్లకూ పంపించండి. తర్వాత వాదన ఉండదు.

అగ్రిమెంట్‌లో "చిన్న రిపేర్లు అద్దెదారువి, పెద్దవి ఓనర్‌వి" అని రాస్తారు. గొడవలన్నీ ఆ "చిన్న" అన్న మాట దగ్గరే. బల్బులు, కుళాయి వాషర్లు, వాళ్ల వాడకం వల్ల జామైన సింకు వాళ్లవి. గోడలోని పైపులు, వైరింగ్, గీజర్, పైకప్పు మీవి అని పేరుపేరునా రాయండి. గీజర్, వైరింగ్ అంటే డబ్బు సంగతి మాత్రమే కాదు, ప్రాణాల సంగతి. కరెంటు మనిషి ఒంట్లోంచి నేలకు లీకైతే ప్రాణం మీదికి రాకముందే కట్ చేసే స్విచ్ ఒకటి మెయిన్ బోర్డులో ఉంటుంది, దాన్ని ఆర్‌సీసీబీ అంటారు. అది ఇంట్లో ఉందో లేదో చూసుకోండి. మనుషుల రక్షణకు పెట్టేది 30 మిల్లీయాంపులది. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నొక్కితే కరెంటు పోవాలి. పోకపోతే ఆ రోజే ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి. అద్దెకు వచ్చేవాళ్లు ఇది అడగరు, మనమే చూడాలి.

ఇక డబ్బు లెక్క. అమ్మేవాళ్లు, బ్రోకర్లు ఏడాది అద్దెను ఇంటి ధరతో భాగించి ఇంత శాతం వస్తుందని చెబుతారు. అందులో ఇల్లు ఖాళీగా ఉన్న నెలలు ఉండవు, రిపేర్లు ఉండవు, పన్ను ఉండదు. ఒక్క నెల ఖాళీగా ఉంటే ఏడాది అద్దెలో 8 శాతం పైనే పోయినట్టు. లోన్ కిస్తీ మాత్రం ఆగదు. కాబట్టి అద్దె 5 శాతం పెంచడం కోసం మంచివాళ్లను పోగొట్టుకుని, ఇల్లు ఒక నెల ఖాళీగా ఉండి, ఆ పెంచిన అద్దెకే కొత్తవాళ్లు వచ్చారనుకోండి. పోయిన నెల అద్దె తిరిగి రావడానికే 20 నెలలు పడుతుంది. మధ్యలో రంగులు, బ్రోకర్ కమిషన్ అదనం. గోడ సంగతి చెప్పినావిడకు ఆ ఏడాది నేను అద్దె పెంచలేదు. ఆ టైల్స్ తవ్వే రోజుల్లో దుమ్మూ ధూళీ భరించింది వాళ్లే కదా.

రిపేర్లకు ఏడాదికి ఇంటి ధరలో 1 శాతం పక్కన పెట్టాలని ఒక లెక్క అందరూ చెబుతుంటారు. నాకది నచ్చదు. ధరలో ఎక్కువ భాగం స్థలం విలువే అయిన చోట ఆ లెక్క పనిచేయదు, స్థలానికి రిపేర్లు రావు. కట్టడం వయసు, పైపుల వయసు చూసుకోండి. నేను ప్రతి నెలా అద్దెలో పదో వంతు వేరే ఖాతాలో వేస్తాను, దాని జోలికి వెళ్లను. ఫోన్ వచ్చినప్పుడు టెన్షన్ లేకుండా వెంటనే "మనిషిని పంపిస్తున్నా" అనగలుగుతున్నానంటే ఆ డబ్బు ఉండబట్టే.

మీరింకా కొనలేదు కాబట్టి ఒక మాట. ఈ మధ్యే రంగులు వేసిన పాత ఫ్లాట్ అయితే బాత్రూమ్‌కి ఆనుకున్న గోడల అడుగుభాగం అవతలి వైపునుంచి చేత్తో తట్టి చూడండి. బోలుగా మోగినా, చల్లగా చెమ్మగా తగిలినా, గోడలో పైపులు ఎటు వెళ్తున్నాయో చూపించమని అమ్మేవాళ్లను అడగండి. నాలుగు టైల్స్ తీసిన రోజు నేను లోపలి పైపులను టేపు పెట్టి కొలుస్తూ ఫోటోలు తీసి ఉంచాను. ఆ తర్వాత అక్కడ గీజర్ మార్చినప్పుడు డ్రిల్లింగ్ ఎక్కడ చేయకూడదో ఆ ఫోటోలు చూసే చెప్పాను.