అమ్మడూ, ముందు పైకి చూడు

అమ్మడూ,

బావ షష్టిపూర్తి మధురవాడలో మీ ఖాళీ స్థలంలోనే చేస్తున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. రెండొందల మందికి భోజనాలు, సాయంత్రం పాటకచేరీ, అన్నీ నువ్వే చూసుకుంటున్నావట. ఎంత ఎదిగిపోయావే! కడుపు నిండిపోయింది. కానీ "మన స్థలంలో మనం చేసుకోడానికి పర్మిషన్లేంటి" అన్నావని విన్నాక నిద్ర పట్టలేదు.

పోలీస్ స్టేషన్‌లో అర్జీ ముందుగానే ఇవ్వు. తేదీ, వేళ, ఎంతమంది వస్తారు, కార్లు ఎక్కడ పెడతారు, అన్నీ రాసి, నీ కాపీ మీద ముద్ర వేయించుకో. నోటిమాట మీద ఉండకు. గుంజ ఒక్కటి రోడ్డు మీదకొచ్చినా జీవీఎంసీని, అదే విశాఖ కార్పొరేషన్‌ని, అడగాలి. వంట ఆరుబయటే కాబట్టి ఫైర్ స్టేషన్‌కీ వెళ్లి కనుక్కో. మైకు రాత్రి 10కి ఆగిపోవాలి, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధన అది. సొంత స్థలమైనా సరే, ఇళ్ల మధ్య పగటి హద్దు 55 డెసిబెల్స్. మీ ప్రహరీ దగ్గర చప్పుడు ఆ హద్దు కన్నా 5 డెసిబెల్స్‌కి మించి ఎక్కువ ఉండకూడదు. పక్కిళ్లకు నువ్వే వెళ్లి బొట్టు పెట్టి చెప్పు.

ఇక కరెంటు.

1996లో, నేను టెంట్‌హౌస్ పెట్టిన కొత్తలో, ఒకరి పెరట్లో రిసెప్షన్ ఒప్పుకున్నాను. టెంపరరీ కనెక్షన్‌కి అర్జీ పెడదామంటే, "మా పెరడే కదా, ఇంటి మీటర్ నుంచి లాగేయండి" అన్నారు ఇంటాయన. నాకూ తిరిగే పని తప్పింది, సరేనన్నాను. పొద్దున వాన పడి నేలంతా చిత్తడి. లైట్ల కోసం ఇరవై అడుగుల ఇనుప పైపు లేపుతున్నాం. కొబ్బరి మట్టల వెనక హైటెన్షన్ తీగ పోతోందని ఎవరం చూడలేదు. అర్జీ పెట్టి ఉంటే లైన్‌మన్ స్థలం చూడ్డానికి వచ్చేవాడు, వచ్చి తల పైకెత్తేవాడు. ఆ ఒక్క చూపు కోసమేనమ్మా ఆ కాగితం.

పైపు పట్టుకున్న కుర్రాడికి పద్దెనిమిదేళ్లు. టప్‌మని ఒక్క చప్పుడు, అంతే. వాడి హవాయి చెప్పు నా కాళ్ల దగ్గర పడింది. తీసి చూస్తే అడుగున శనగగింజంత కన్నం, అంచులు నల్లగా కాలి ఉన్నాయి. బతికాడు. నలభై రోజులు ఆస్పత్రిలో వాడి పక్కనే ఉన్నాను. కుడిచేతి రెండు వేళ్లు ఇప్పటికీ ముడుచుకోవు. ఇంటికొస్తే అన్నం ఎడంచేత్తో స్పూన్ పట్టుకుని తింటాడు. నేను ఆ చెయ్యి వైపు చూడలేను.

అందుకే కోప్పడుతున్నాను, తిట్టాననుకోకు తల్లీ. రేపే కరెంటాఫీసుకి వెళ్లి టెంపరరీ కనెక్షన్‌కి రాసివ్వు. ఎర్తింగ్ వేశారో లేదో దగ్గరుండి చూడు. లైన్‌మన్ వచ్చినప్పుడు నువ్వూ స్థలమంతా తిరుగు, తీగలు ఎటు పోతున్నాయో ఫోటోలు తీసి నాకు పంపు.

గుంజలు పాతే రోజుకి నేను వచ్చేస్తాను. నేను వచ్చేదాకా ఒక్క ఇనుప పైపు కూడా లేపనివ్వకు.

మీ మామయ్య