రంపపు పొట్టు నూనె డీజిల్‌తో ఎందుకు కలవడం లేదంటే

రాయగడ సోదరులకు నమస్కారం. కోత మిల్లు పొట్టును డ్రమ్ములో కాల్చి తీసిన నూనె రెండు పొరలుగా విడిపోయిందని, డీజిల్‌లో పోస్తే కలవలేదని రాశారు. మీ చేతిలో లోపం లేదు. చెక్క నూనెలో దాదాపు నాలుగో వంతు నీరే ఉంటుంది. అది డీజిల్‌తో కలవదు. పైగా దాని ఆమ్లత్వం దాదాపు వెనిగర్ అంత. పర్లాకిమిడిలో మా పెరట్లో మామూలు రేకు డబ్బాలో పోసి ఉంచితే వానాకాలం దాటకముందే అడుగున చిల్లులు పడ్డాయి. దయచేసి మోటారు ఇంజనులో మాత్రం పోయకండి, ఇంధన పంపు పాడైపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు లేదా ప్లాస్టిక్ డబ్బాలో నిల్వ చేసి, బట్టీలోనో బాయిలర్‌లోనో మండించండి. కిలోకు వచ్చే వేడి డీజిల్‌లో సగం కంటే తక్కువే.

ఇక నూనె తక్కువ వస్తోందని కూడా రాశారు. డ్రమ్ము నెమ్మదిగా వేడెక్కుతుంది కాబట్టి బొగ్గే ఎక్కువ మిగులుతుంది. గాలి తగలకుండా, 500 డిగ్రీల దగ్గర, సన్నని పొట్టును క్షణాల్లో వేడి చేసి, దాని నుంచి వచ్చే ఆవిరిని రెండు సెకన్లలోపే చల్లార్చగలిగితే బరువులో 60 నుంచి 75 శాతం ద్రవంగా వస్తుంది. అది డ్రమ్ముతో సాధ్యం కాదు. ముందు పొట్టును బాగా ఎండబెట్టండి, తేమ పది శాతం దాటకూడదు. పిడికిట్లో నొక్కి వదిలితే ముద్ద కట్టకుండా పొడిగా రాలాలి.

నా మాట వింటే ఆ డ్రమ్మును బొగ్గు కోసమే వాడండి. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, షెడ్డు లోపల అసలు వెలిగించకండి.