హైపో పంపు మధ్యాహ్నం ఎందుకు మొండికేస్తోంది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: హనుమకొండ దగ్గర మా ఊరి తాగునీటి ప్లాంటులో గంటకు 20,000 లీటర్ల నీటికి హైపో (క్రిములను చంపే క్లోరిన్ మందు, సోడియం హైపోక్లోరైట్ ద్రావణం) కలపడానికి డయాఫ్రం డోసింగ్ పంపు (డయాఫ్రం అనే సాగే పొర ముందుకూ వెనక్కూ కదులుతూ మందును కొలత ప్రకారం ఎక్కించే పంపు) పెట్టాము. దాని సామర్థ్యం గంటకు 6 లీటర్లు, నిమిషానికి 100 స్ట్రోకులు (డయాఫ్రం కదలికలు). పొద్దున బాగానే పనిచేస్తుంది. ఎండ ముదిరాక పంపు టకటకమని కొట్టుకుంటూనే ఉంటుంది గాని మందు ఎక్కదు, చివరి నల్లాలో క్లోరిన్ కనిపించదు. డయాఫ్రం, మందును ఒకే వైపుకు పోనిచ్చే వాల్వు గోళీలు కొత్తవి వేసినా మార్పు లేదు. కొత్త పంపు కొనమంటున్నారు. కొనాలా? – ఒక ఆపరేటరు

జవాబు: కొనవద్దు. మీరు రాసిన లక్షణాలను బట్టి పంపు చెడిపోలేదు, దానికి గ్యాసు పట్టింది. హైపో వేడికీ వెలుతురుకూ విడిపోతూ ఆక్సిజన్‌ను వదులుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని చెప్పుకునే మన ప్రాంతంలో, రేకుల షెడ్డు కింద నల్లటి డ్రమ్ములో ఉన్న హైపో మధ్యాహ్నానికి ఎంత వేడెక్కుతుందో చెయ్యి ఆనించి చూస్తేనే తెలుస్తుంది. ఆ బుడగలు సక్షన్ పైపు (డ్రమ్ము నుంచి మందును పీల్చే పైపు) గుండా పంపు తలలోకి, అంటే డయాఫ్రం, గోళీలు ఉండే భాగంలోకి చేరతాయి. ద్రవం నొక్కితే కుదించుకుపోదు, గ్యాసు కుదించుకుపోతుంది. మీ పంపు పూర్తి స్ట్రోకుకు ఇచ్చేది 1 మిల్లీలీటరు మాత్రమే కనుక, శనగగింజంత బుడగ తలలో నిలిచినా డయాఫ్రం కదలికంతా దాన్ని నొక్కడానికీ వదలడానికీ సరిపోతుంది, గోళీలు తమ చోటు నుంచి లేవనే లేవవు.

అసలు లోపం మీ అమరికలో ఉందని నా అనుమానం. లీటరు నీటికి 2 మిల్లీగ్రాముల క్లోరిన్ వేస్తున్నారనుకుందాం. 20,000 లీటర్లకు 40 గ్రాములు కావాలి. 10 శాతం హైపో లీటరులో సుమారు 100 గ్రాముల క్లోరిన్ ఉంటుంది కాబట్టి గంటకు 0.4 లీటరు చాలు. 6 లీటర్ల పంపుతో అంత కొద్దిగా తీయాలంటే స్ట్రోకు పొడవును అడుగంటా తగ్గించి ఉంటారు. పొట్టి స్ట్రోకుకు బుడగను బయటికి నెట్టే శక్తి ఉండదు. అందుకే హైపోను పది రెట్లు పలుచన చేసి, గంటకు 4 లీటర్లు వెళ్ళేలా పెట్టండి. స్ట్రోకు పొడవును పైనే ఉంచి, ఇంకా తగ్గించవలసి వస్తే స్ట్రోకుల సంఖ్యను తగ్గించండి. పలుచన ద్రావణం విడిపోవడం కూడా నెమ్మదిస్తుంది. అయితే కఠినమైన బోరు నీళ్ళు కలిపితే తెల్లటి సున్నపు మడ్డి దిగుతుంది. రాత్రంతా తేరనిచ్చి, ఫుట్ వాల్వును (సక్షన్ పైపు కింది కొసన ఉండే వాల్వు) డ్రమ్ము అడుగు నుంచి నాలుగు వేళ్ళు ఎత్తున వేలాడదీయండి. డ్రమ్మును నీడకు మార్చండి. వీలైతే పంపును డ్రమ్ము అడుగు మట్టానికి దిగువన అమర్చి, సక్షన్ పైపును పొట్టిగా, మధ్యలో మిట్ట వంపు లేకుండా వేయండి.

ఇవన్నీ చేసే ముందు ఒక్క పరీక్ష చేయండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు తెల్లటి సక్షన్ పైపు వెనుక టార్చి పట్టి చూడండి. అప్పుడు కూడా ఏదో ఒక జాయింటు దగ్గరే బుడగలు పుడుతుంటే అది హైపో గ్యాసు కాదు, బయటి గాలి. గోదావరి ఒడ్డున ఒక ప్లాంటులో పనిచేసినప్పుడు నేను రెండు రోజులు ఇదే తెలియక డయాఫ్రం రెండుసార్లు మార్చాను. మూడో రోజు టార్చి వెలుగులో నట్టు పక్కనే ఆవగింజంత బుడగలు వరుసగా బయలుదేరుతూ కనిపించాయి. విప్పి చూస్తే ఎవరో పైపు కొసను రంపంతో ఏటవాలుగా కోసి బిగించారు. బ్లేడుతో నిటారుగా కోసి మళ్ళీ బిగించగానే పంపు మందును ఎత్తుకుంది. సక్షన్ పైపులో ఒత్తిడి బయటికన్నా తక్కువ కాబట్టి అక్కడ సందు ఉంటే చుక్క కారదు, గాలి లోపలికి పోతుంది. తడి లేదు కనుక లీకు లేదని అనుకోవడం వల్లే మనం మోసపోతాము.

చివరగా కొలత. సక్షన్ పైపును మెజరింగ్ సిలిండరులో ముంచి, డెలివరీని (పంపు నుంచి మందు బయటికి పోయే పైపును) లైనుకు కలిపి ఉంచే, 3 నిమిషాలు నడపండి. గంటకు 4 లీటర్లంటే 200 మిల్లీలీటర్లు దిగాలి. డెలివరీని విప్పి కొలిస్తే లైను ఒత్తిడి ఉండదు కనుక లెక్క తప్పుతుంది. హైపో బలం నిల్వలో తగ్గుతుంది కాబట్టి నల్లా దగ్గర పరీక్ష మానవద్దు. భారత ప్రమాణం ఐఎస్ 10500:2012 ప్రకారం అక్కడ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి.

ఒక హెచ్చరిక కూడా అవసరం. గోళీలకు, ఇంజెక్షన్ వాల్వుకు (మందు నీటి లైనులో కలిసే చోట ఉండే వాల్వు) పట్టిన సున్నాన్ని కొందరు యాసిడ్‌తో కడుగుతారు. హైపో తడి మిగిలి ఉండగా యాసిడ్ తగిలితే క్లోరిన్ గ్యాసు లేస్తుంది, మూసిన గదిలో అది ప్రాణం తీయగలదు. ముందు లైను ఒత్తిడి దించి, కళ్ళద్దాలు, చేతొడుగులు వేసుకొని, భాగాలను విప్పి, పుష్కలంగా మంచినీళ్ళతో కడిగాకే, ఆరుబయట ఆ పని చేయండి.

ప్రశ్న: మా మిల్లులో డోసింగ్ పంపు ఆపినా రాత్రికి రాత్రి ట్యాంకు ఖాళీ అవుతోంది. బయట ఎక్కడా కారడం లేదు. – మంచిర్యాల పాఠకుడు

జవాబు: మీ ట్యాంకు పై అంతస్తులో ఉండి, మందు కలిసే చోటు కిందనో, మరో పెద్ద పంపు సక్షన్ వైపునో ఉండి ఉంటుంది. డోసింగ్ పంపులోని రెండు గోళీలూ ఒకే దిశలో తెరుచుకుంటాయి కనుక, అటువైపు ఒత్తిడి తక్కువైతే మందు దానంతటదే జారిపోతుంది. దీనికి పంపును విప్పి ప్రయోజనం లేదు. డెలివరీలో, మందు కలిసే చోటికి దగ్గరగా, స్ప్రింగు ఉన్న బ్యాక్ ప్రెషర్ వాల్వు (పంపు తగినంత ఒత్తిడితో నెడితేనే తెరుచుకునేది) వేయించండి.

ప్రశ్న: పంపు తల వెనుక చిన్న రంధ్రం నుంచి మందు చుక్కలుగా పడుతోంది. ఆ రంధ్రాన్ని మూసేయవచ్చా?

జవాబు: మూయకండి. డయాఫ్రం చిరిగిన సంగతి మీకు తెలియడానికే ఆ రంధ్రం ఉంది. దాన్ని మూస్తే మందు లోపలి మోటారు వైపుకు, బేరింగులకు పాకుతుంది. వెంటనే ఆపి డయాఫ్రం మార్చండి, తల బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించండి, ఒక రోజు నడిచాక మళ్ళీ ఒకసారి బిగువు చూడండి.