మిషిగన్ చలికి ముందు అమ్మానాన్నల కోసం గుమ్మం దగ్గర ఏమేం సరిచేయాలి?

ప్రశ్న: మాది డెట్రాయిట్ శివార్లలో ఇల్లు. అమ్మానాన్నలు అక్టోబరు చివర్లో వచ్చి ఏప్రిల్ దాకా ఉంటారు. నాన్నకి మోకాళ్ళ నొప్పులు, చేతికర్ర వాడతారు. వీధి గుమ్మానికి 4 మెట్లు, గ్యారేజీలోంచి ఇంట్లోకి 2 మెట్లు. ర్యాంపు కట్టించమంటారా?

జవాబు:

ర్యాంపు వద్దు. ఎందుకో లెక్క చూడండి. ఒక అంగుళం ఎత్తుకి 12 అంగుళాల పొడవు ఉంటేనే వాలు భద్రం. మెట్టు 7 అంగుళాల చొప్పున 4 మెట్లంటే 28 అంగుళాల ఎత్తు, అంటే 28 అడుగుల ర్యాంపు. పైనా కిందా అయిదేసి అడుగుల చదును దీనికి అదనం. మంచు పడ్డ ప్రతిసారీ అంత పొడవూ గోకాలి. పైగా మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి వాలు దిగడం కంటే పొట్టి మెట్టు దిగడమే చాలామందికి సుఖం. రేపు చక్రాల కుర్చీ అవసరమైతే అల్యూమినియం ర్యాంపులు అద్దెకి దొరుకుతాయి. వాటిలో నడిచే పలకకి చిల్లులున్న రకం తీసుకుంటే మంచు కిందికి రాలిపోతుంది. చెక్కతో శాశ్వతంగా కట్టాలంటే మీ రాష్ట్రంలో స్తంభాల పునాది 42 అంగుళాల లోతుకి పోవాలి, లేకపోతే నేల గడ్డకట్టినప్పుడు స్తంభం పైకి లేస్తుంది. తవ్వే ముందు 811కి (భూమిలోని పైపులు, తీగలు ఎక్కడున్నాయో గుర్తుపెట్టే ఫోను సేవ) చెప్పాలి, పర్మిట్ కావాలి, కాలనీ సంఘం ఉంటే వాళ్ళ అనుమతీ కావాలి. అక్టోబరులో మొదలుపెట్టే పని కాదది.

గ్యారేజీ తలుపునే పెద్దవాళ్ళ గుమ్మంగా ఖాయం చేసుకోండి. పైకప్పు ఉంది, గాలి తగలదు, కారు పక్కనే ఉంటుంది. రెండు గుమ్మాలకీ సగం సగం పని చేసే బదులు దీన్ని పూర్తిగా చేయండి. వీధి గుమ్మానికి చేయాల్సింది తర్వాత చెబుతాను.

గ్యారేజీ నేల నుంచి ఇంటి నేలకి 14 అంగుళాలు ఉందనుకుందాం. ఇప్పుడున్న 7 అంగుళాల మెట్లు రెండిటినీ తీసేసి, రెండు వెడల్పాటి చెక్క అరుగులతో మూడు పొట్టి మెట్లు చేయొచ్చు. కింది అరుగు ఎత్తు 4⅝ అంగుళాలు, పై అరుగు 9¼. అక్కణ్ణుంచి ఇంట్లోకి 4¾. మెట్ల ఎత్తుల మధ్య తేడా ⅜ అంగుళం దాటకూడదు. అలవాటైన ఎత్తులో ఒక్క మెట్టు మారినా కాలు తన్నుకుంటుంది, పెద్దవాళ్ళు మెట్ల మీద తూలడానికి ఇదొక పెద్ద కారణం. కింది అరుగు లోతు 24 అంగుళాలు ఉంటే రేపు వాకర్ వచ్చినా నాలుగు కాళ్ళూ దాని మీద పడతాయి. పైది 36 అంగుళాలు ఉంచండి, తలుపు తీసేటప్పుడు నిలబడాలి కదా. రెండిటికీ వెడల్పు 36 అంగుళాలు.

ఫ్రేముకి ప్రెషర్ ట్రీటెడ్ (కుళ్ళకుండా మందు పట్టించిన) చెక్కే వాడాలి, మామూలు చెక్క తడి కాంక్రీటుని తాకితే కుళ్ళిపోతుంది. కింది అరుగుకి 2×6 చెక్కని 3⅞ అంగుళాలకీ, పైదానికి 2×10ని 8½ అంగుళాలకీ కోయించి, పైన ¾ అంగుళం ప్లైవుడ్ వేస్తే పై లెక్క సరిపోతుంది. అడ్డచెక్కల మధ్య దూరం 12 అంగుళాలు. ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది: ఎత్తుని తలుపు కిందే కొలుస్తారు. నీళ్ళు బయటికి పోవడానికి గ్యారేజీ నేల వీధివైపు వాలుగా పోస్తారు. అందుకని అరుగు ముందు అంచు వచ్చే చోట ఎత్తు అర అంగుళమో ముప్పావో ఎక్కువ ఉండొచ్చు. అక్కడ కూడా కొలిచి, కింద ప్లాస్టిక్ బిళ్ళలు పెట్టి, స్పిరిట్ లెవెల్‌తో చదును చేశాకే నేలకి బిగించండి. పొట్టి మెట్టుకి ఒక లోపముంది, మసక వెలుతురులో అసలు మెట్టున్నట్టే కనబడదు. ప్రతి అంచునా రెండంగుళాల పసుపుపచ్చ పట్టీ తప్పనిసరి.

పట్టుకునే కడ్డీ రెండు పక్కలా ఉండాలి, ఎక్కేటప్పుడు కుడిచేతికి అందింది దిగేటప్పుడు ఎడమచేతికి వస్తుంది. మెట్టు అంచు నుంచి 34-38 అంగుళాల ఎత్తున, 1¼ నుంచి 2 అంగుళాల మందం గల గుండ్రటి కడ్డీ పెట్టించండి. గోడకీ దానికీ మధ్య ఒకటిన్నర అంగుళం సందుండాలి. పిడికిట్లో ఇమడని వెడల్పాటి చెక్క చూడ్డానికి బాగుంటుంది గానీ, జారినప్పుడు చేతికి పట్టు దొరకదు. కింది మెట్టు దాటాక కూడా కడ్డీ ఒక అడుగు ముందుకి సాగాలి, ఆఖరి మెట్టు దిగే క్షణానే దాని అవసరం ఎక్కువ. గోడలో బ్రాకెట్లని లోపలి నిలువు చెక్కలకే బిగించాలి. అవి మామూలుగా 16 అంగుళాలకొకటి ఉంటాయి. ఉత్త జిప్సం బోర్డుకి బిగిస్తే ఊడి చేతిలోకొస్తుంది.

గ్యారేజీలోనూ ఐసు కడుతుంది. కారు చక్రాల మీంచి కరిగిన మంచు నేలమీద మడుగై, తెల్లారేసరికి గట్టిపడుతుంది. రబ్బరు అంచున్న నీళ్ళు తోసే కర్ర ఒకటి అక్కడే తగిలించండి, కారు పెట్టగానే నీళ్ళు బయటికి తోసేయాలి. అంచులు లేచి ఉండే కారు మ్యాట్లు నీటిని ఆపుతాయి గానీ ఆ అంచే కాలికి తగులుతుంది, నడిచే దారిలో వద్దు. గ్యారేజీ తలుపు మోటారుకుండే లైటు కొన్ని నిమిషాలకే ఆరిపోతుంది. అరుగుల పైన మనిషి కదలికకి వెలిగే ఎల్‌ఈడీ లైటు వేరేగా పెట్టండి. ఇంట్లోకి వెళ్ళే తలుపు గుండ్రటి పిడి తీసేసి, కిందికి నొక్కే పిడి పెట్టిస్తే చేతి తొడుగులతోనూ తెరుచుకుంటుంది. ఆ తలుపుకి తనంతట మూసుకునే స్ప్రింగు ఉంటే అది అగ్నిప్రమాదం కోసం పెట్టింది, తీసేయకండి. గొళ్ళెం పడేంత వరకు ఉంచి బిగువు తగ్గిస్తే చాలు.

ఇక వీధి గుమ్మం. ముందు నీళ్ళ సంగతి చూడండి. చూరు గొట్టం నీళ్ళు ఎక్కడ పడుతున్నాయో ఒక వాన రోజు గొడుగేసుకుని చూస్తే తెలుస్తుంది. నడకదారి మీద పడుతుంటే జనవరిలో అక్కడ ఐసే ఉంటుంది, ఎంత ఉప్పు చల్లినా మర్నాడు మళ్ళీ కడుతుంది. గొట్టాన్ని 4-6 అడుగులు పొడిగించి గడ్డివైపు తిప్పండి. ఆకులు రాలడం అయ్యాక గట్టర్ (చూరు వెంట నీళ్ళు పట్టే కాలువ) ఒకసారి శుభ్రం చేయించాలి, పూడిపోతే నీళ్ళు అంచు మీంచి పొర్లి సరిగ్గా మెట్ల మీదే పడతాయి.

కాంక్రీటు మెట్టుకి కడ్డీ బిగించాలంటే ⅜ అంగుళం యాంకర్ బోల్టులు, అంచుకి కనీసం 3 అంగుళాలు లోపలికి. అంచుకి దగ్గరైతే బిగించేటప్పుడే పెళ్ళ ఊడుతుంది. రంధ్రంలో దుమ్ము ఊదేసి బిగించి, చుట్టూ సీలెంట్ పెట్టండి, లోపలికి దిగిన నీరు గడ్డకట్టి కాంక్రీటుని పగలగొడుతుంది. మెట్ల మీద అంటించే గరుకు టేపు, గరుకు పెయింటు 50 డిగ్రీల ఫారన్‌హీట్ కంటే చల్లటి నేలకి సరిగా పట్టవు. కాబట్టి ఈ పని సెప్టెంబరులోనో, అక్టోబరు మొదట్లోనో అయిపోవాలి. సబ్బునీళ్ళతో కడిగి, ఒక రోజంతా ఆరనిచ్చి, టేపు మూలలు గుండ్రంగా కత్తిరించి అంటించండి. సూది మూల ముందు లేస్తుంది, తర్వాత పార దానికి తగులుతుంది, పట్టీ మొత్తం ఊడుతుంది. మంచు తీసేందుకు ప్లాస్టిక్ పారే వాడండి.

బయటికి తెరుచుకునే స్టార్మ్ డోర్ (అసలు తలుపు ముందుండే రెండో తలుపు) ఉంటే జాగ్రత్త. మెట్ల పైన చోటు ఇరుకైతే తలుపు లాగుతూ మనిషి వెనక్కి అడుగేయాలి, వెనకున్నది మెట్టే. ఈ చలికాలానికి ఆ తలుపు విప్పి పక్కన పెట్టడమే నయం. ఉంచాల్సే వస్తే కింద గొట్టంలాంటి క్లోజర్ చివరనున్న మర తిప్పి మూసుకునే వేగం తగ్గించండి.

ఉప్పు విషయం. మామూలు రాతి ఉప్పు దాదాపు 15-20 డిగ్రీల ఫారన్‌హీట్ వరకే పనిచేస్తుంది. అంతకన్నా చల్లటి రాత్రులకి కాల్షియం క్లోరైడ్ కావాలి, దాన్ని ఉత్తచేత్తో ముట్టుకోవద్దు. పెద్ద కాఫీ కప్పుడు ఉప్పు పది పలకల కాలిబాటకి చాలు, కుప్పలు పోస్తే కాంక్రీటు, గడ్డి రెండూ పాడవుతాయి. కాంక్రీటు పోసి ఏడాది కాకపోతే ఉప్పు అసలొద్దు, ఇసుక చల్లండి. మధ్యాహ్నం కరిగింది రాత్రికి మళ్ళీ గడ్డకట్టి కంటికి కనబడని పొరవుతుంది, అందుకని పొద్దుగూకే ముందు ఒకసారి చూసుకోవాలి.

ఇంటి సలహాల్లో ఎక్కడా రాయరు గానీ మనవాళ్ళ అలవాట్లు కొన్నిటిని ముందే మాట్లాడుకోవాలి. అమ్మగారు శుక్రవారం గడప కడిగి ముగ్గేస్తారేమో, ఆ చెంబుడు నీళ్ళు చాలు మెట్టు గాజుపలక కావడానికి. తడిగుడ్డతో తుడిచి, ముగ్గు లోపలివైపు వేసుకోమనండి. గుమ్మం ముందు చెప్పుల గుట్ట కూడా వద్దు. తలుపు లోపల 18 అంగుళాల ఎత్తు బల్ల, పక్కన బూట్ల ట్రే పెట్టండి, కూర్చుని వేసుకుని కూర్చుని విప్పేలా. బూట్లకి తగిలించే ఐసు పళ్ళు కొంటే అవి బయటికే. టైల్స్ మీదికి వాటితో వస్తే ఐసు మీద కంటే ఘోరంగా జారతాయి, గ్యారేజీలోనే ఒక కుర్చీ మీద కూర్చుని విప్పాకే లోపలికి అడుగేయాలి.