కర్రచట్రం ఇంటి సందుల్లో సిమెంటు వద్దు

ఇంగ్లండులో మీ తెలుగు బడి నడిచే పాత కర్రచట్రం ఇంట్లో ఓక్ దూలాలకూ గోడ పూతకూ మధ్య సందులు పడ్డాయనీ, సిమెంటుతో పూడ్చేద్దామా అనీ అడిగారు. వద్దండీ! ఆ ఇంటి బరువంతా మోసేది చట్రమే. మధ్యలో గోడ సాధారణంగా తడిక అల్లి మట్టి, గడ్డి, పేడ కలిపి మెత్తినదే, మన పల్లెల్లో దడిగోడలాగే. కర్ర తేమకు ఉబ్బుతుంది, హీటర్ వేడికి కుంచించుకుపోతుంది. సందు రావడం మామూలే. సిమెంటు దాంతోపాటు కదలదు. అంచు విడిపోయి వాన నీళ్లు లోపలికి దిగుతాయి, ఆరే దారిలేక కర్ర కుళ్లుతుంది. పైకి మాత్రం గోడ నున్నగా ఉంటుంది, మోసం అక్కడే. వెంట్రుకలు కలిపిన సున్నపు గచ్చుతో పూడ్పించండి.

అంతకంటే ముందు అడుగు దూలం, అంటే చట్రమంతా ఆనుకునే అట్టడుగు దూలం, చూడండి. సన్న స్క్రూడ్రైవరుతో పొడిస్తే టక్కున ఆగాలి. మెత్తగా దిగిపోయిందంటే కుళ్లు పట్టినట్టే. బయట మట్టి పేరుకుని దూలాన్ని కప్పేస్తే ముందు అది తీయించండి. ఇంగ్లండులోనే లావెన్‌హామ్ ఊళ్లో ఉన్న గిల్డ్‌హాల్ కూడా ఇలాంటి కర్రచట్రం భవనమే, 1530 ప్రాంతంలో కట్టింది. జైలుగా, వర్క్‌హౌస్‌గా (పేదలను ఉంచి పని చేయించే చోటుగా) కూడా వాడారు, ఇంకా నిలబడే ఉంది. కాబట్టి కంగారు పడకండి.

మీది లిస్టెడ్ భవనమైతే, అంటే కాపాడాల్సిన పాత కట్టడంగా అధికారిక జాబితాలో ఉంటే, దాని స్వరూపం మారే పని అనుమతి లేకుండా చేయడం అక్కడ నేరం. పని మొదలెట్టకముందే మీ ఊరి కౌన్సిల్లో పాత కట్టడాల సంరక్షణ చూసే కన్జర్వేషన్ ఆఫీసరుకు ఫొటోలు పంపండి.