బొమ్మలు వేయడం రానివారికి గీతల ధ్యానం

ప్రశ్న: నా వయసు 52. ఒక ప్రైవేటు సంస్థలో లెక్కలు చూస్తుంటాను. ఇంటికి వచ్చాక కూడా అవే అంకెలు తలలో తిరుగుతుంటాయి. ధ్యానానికి కళ్లు మూసుకుని కూర్చుంటే ఆలోచనలు మరింత ముసురుకుంటున్నాయి. కాగితం మీద చిన్న చిన్న ఆకృతులు గీస్తూ కూర్చోమని మా అమ్మాయి చెబుతోంది. చిన్నప్పటి నుంచి నాకు బొమ్మలు వేయడం చేతకాదు. ఇది నాలాంటివారికి పనికొస్తుందా? ఎలా మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: తప్పకుండా పనికొస్తుందండీ. ఇందులో చెట్టునో మనిషినో పోలినట్టు గీయవలసిన అవసరం లేదు. నిలువు గీత, వంపు గీత, సున్న, చుక్క వేయగలిగితే చాలు. కళ్లు మూసుకున్నప్పుడు మనసుకు పట్టు దొరకక పాత లెక్కల్లోకి జారిపోయేవారికి, కళ్లు తెరిచి పెన్ను మొననే చూస్తూ ఒకే ఆకృతిని మళ్లీ మళ్లీ నెమ్మదిగా గీయడం తేలికైన దారి. మధ్యలో ఆలోచన వచ్చినా ఫరవాలేదు; వచ్చిందని గమనించి, మళ్లీ గీత మీదికి చూపు తిప్పండి.

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రానికి చెందిన రిక్ రాబర్ట్స్, మరియా థామస్ కలిసి ఈ సాధనకు ఒక క్రమం ఏర్పరచి, జెంటాంగిల్ పేరుతో ప్రచారంలోకి తెచ్చారు. రిక్ కొంతకాలం సన్యాసిగా జీవించినవారు, మరియా అందమైన అక్షరాలు రాసే కళాకారిణి. వారి పద్ధతిలో కాగితం మూడున్నర అంగుళాల చదరం మాత్రమే. అంత చిన్నది కావడం వల్ల, ఎలా నింపాలన్న బెంగ కొత్తవారికి ఉండదు. నాలుగు మూలల్లో పెన్సిలుతో చుక్కలు పెట్టి, వాటిని కలిపి, లోపల ఇష్టం వచ్చినట్టు ఒక మెలిక గీత లాగుతారు. దానితో ఏర్పడిన గదుల్లో ఒక్కొక్కదాన్ని ఒక్కో ఆకృతితో పెన్నుతో నింపుతారు. రబ్బరు వాడరు. గీత పక్కకు పోతే దాన్నే తరువాతి ఆకృతిలో కలుపుకుంటారు. రోజంతా పైసా తేడా రాకుండా చూసుకునే మీకు ఈ నియమమే అన్నిటికన్నా ఎక్కువ మేలు చేస్తుందని నా నమ్మకం.

ప్రత్యేక సామగ్రి కొననక్కరలేదు. డ్రాయింగ్ పుస్తకంలోని మందపాటి కాగితాన్ని చదరాలుగా కత్తిరించుకుని, సన్నని మొన ఉన్న నల్ల పెన్ను ఒకటి తీసుకోండి. మొదటి వారం రెండు ఆకృతులే చాలు: ఒక గదిలో దగ్గర దగ్గరగా వంపు గీతలు, మరొకదానిలో ఒకదానికొకటి ఆనుకుని ఉండే సున్నలు. మామూలుగా రాసే వేగంలో సగానికి తగ్గించండి. వేగం పెరిగిందంటే మనసు మళ్లీ ఆఫీసుకు వెళ్లిందని అర్థం.

ఖాళీ కాగితం చూస్తే ఏం గీయాలో తోచడం లేదనిపిస్తే మన మెలికల ముగ్గును ఆశ్రయించండి. ముగ్గు వేసే అలవాటు మీకు లేకపోయినా, ఇంట్లో ఆడవాళ్లను అడిగితే నేర్పుతారు. ఐదు చుక్కలు, ఐదు వరుసలు పెట్టి, ఏ చుక్కనూ తాకకుండా గీతను వాటి చుట్టూ తిప్పుకుంటూ పోవాలి. ఎటు తిరగాలో చుక్కలే చెబుతాయి గనుక నిర్ణయాల భారం ఉండదు. అయినా ఏమరుపాటుకు వీలుండదు.

ఫలితం మాటకు వస్తే, అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో 39 మంది పెద్దలు 45 నిమిషాలపాటు మట్టితోనో రంగు పెన్నులతోనో తమకు నచ్చినది చేశారు. దాదాపు ముప్పావు వంతు మందిలో ఒత్తిడికి సంబంధించిన కార్టిసాల్ అనే హార్మోను తగ్గింది. కళలో అనుభవం ఉన్నా లేకపోయినా తేడా పెద్దగా కనిపించలేదు. అది చిన్న అధ్యయనం, పోల్చి చూడటానికి మరో బృందం కూడా అందులో లేదు. కనుక దీన్ని చికిత్సగా భావించకండి. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, దిగులు తగ్గకపోయినా వైద్యుణ్ని కలవండి.

ఒక్క జాగ్రత్త. ఫోనులో ఇతరులు పెట్టిన అందమైన నమూనాలను చూసి అలాగే రావాలని పట్టుపడితే, ఇది మరో పరీక్షగా మారుతుంది. కనీసం తొలి నెల వాటి జోలికి పోకండి, మీవి కూడా ఎవరికీ పంపకండి. భోజనం తరువాత ఫోను పక్క గదిలో పెట్టి పదిహేను నిమిషాలు కూర్చోండి. చదరం నిండకముందే నిద్ర ముంచుకొస్తే పెన్ను మూసేయండి, మిగిలిన గదులను మర్నాడు నింపుకోవచ్చు.