తొలి ఎపిసోడ్ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ పిల్లల యానిమేషన్ కామెడీ సిరీస్ మొదటి ఎపిసోడ్ చదివాను. నీ కాకి నాకు బాగా నచ్చింది. పొద్దున్నే అందరినీ లేపే పని కోడిపుంజుకి కాదు, తనకే రావాలని పట్టుబట్టే కాకి! ఆ ఒక్క కోరికలో ఎన్నో ఎపిసోడ్లకు సరిపడా నవ్వు ఉంది. కానీ ఆ సంగతి ఏడో పేజీ దాకా బయటపడలేదు. అప్పటిదాకా అడవి ఎలా పుట్టింది, ఎవరికి ఎవరు ఏమవుతారు, మాయ గంట ఎక్కడిది అని చెబుతూనే ఉన్నావు. 11 నిమిషాల ఎపిసోడ్‌లో అంత టైమ్ మనకెక్కడిది?

ఆ ఆరు పేజీలూ తీసెయ్. కష్టంగానే ఉంటుంది, నాకు తెలుసు. వాటిని నీ కోసం దాచుకో, ముందు ముందు పనికొస్తాయి. పిల్లలు ఎపిసోడ్లను వరసగా చూడరు. ఏది కనిపిస్తే అది చూస్తారు, నచ్చితే అదే పదేపదే చూస్తారు. కాబట్టి మొదటి ఎపిసోడ్ కూడా కాకి జీవితంలో ఒక మామూలు రోజులాగే ఉండాలి. అర్ధరాత్రి కాకి అరిచింది, అడవంతా లేచి పళ్లు తోముకుంటోంది, బయట చూస్తే ఇంకా చీకటే. అక్కడ మొదలుపెట్టు.

1940లో వచ్చిన టామ్ అండ్ జెర్రీ మొదటి కార్టూన్ వీలుచేసుకుని చూడు. అప్పటికి పిల్లి పేరు టామ్ కూడా కాదు, జాస్పర్. ఇంకొక్క వస్తువు పగిలితే ఇంట్లోంచి గెంటేస్తామని దానికి హెచ్చరిక. ఆ సంగతి ఎలుక పసిగట్టింది. ఇక గాజు గ్లాసు దొరికితే చాలు, పిల్లిని ఆడించేస్తుంది. పరిచయాలేమీ లేవు, ఉన్నదల్లా ఒక్క షరతు. 1999 నాటి స్పాంజ్‌బాబ్ మొదటి ఎపిసోడ్‌లో హీరో వంటవాడి ఉద్యోగం అడుగుతాడు. వదిలించుకుందామని ఎక్కడా దొరకదనుకున్న అట్లకాడ ఒకటి తెమ్మని పంపుతారు. అతను నిజంగానే తెచ్చేస్తాడు! ఎంత అమాయకుడో, ఆ పనంటే ఎంత ఇష్టమో ఎవరూ చెప్పకుండానే మనకు తెలిసిపోతుంది.

నీ కాకికీ అలాంటి షరతు ఒకటి పెట్టు. ఈ రాత్రి ఎవరినీ లేపకుండా ఉంటే, రేపు పొద్దున అవకాశం ఇస్తామన్నారనుకో. సరిగ్గా అప్పుడే కాకికి ఎక్కిళ్లు మొదలవుతాయి. ఎక్కిలి వస్తోందని పిల్లలకు ముందే తెలియాలి. పొట్ట ఉబ్బుతుంది, కాకి రెక్కలతో ముక్కు మూసుకుంటుంది, పక్కనే గుర్రుపెడుతున్న ఎలుగుబంటి చెవి కదులుతుంది. ఎక్కిలి వచ్చినప్పటికంటే దానికి ముందున్న ఆ రెండు మూడు సెకన్ల టెన్షన్‌లోనే పిల్లలు ఎక్కువ నవ్వుతారు. అక్కడ తొందరపడకు. రెండోసారి ఇంకాస్త పెద్దది చెయ్, మూడోసారి వాళ్లు అనుకోని దిక్కు నుంచి రానివ్వు.

మాటలు బాగా తగ్గించాలి. మామూలుగా గొంతులు ముందు రికార్డ్ చేసి, వాటికి తగ్గట్టు బొమ్మలు కదిలిస్తారు. మాటలతో నింపేస్తే, సీన్లను వరస బొమ్మలుగా గీసే స్టోరీబోర్డ్ ఆర్టిస్టుకి చేయడానికేమీ మిగలదు. పైగా ప్రాస మీద నిలబడ్డ జోక్ డబ్బింగ్‌లో పోతుంది, ఎక్కిలి ఏ భాషలోనైనా ఎక్కిలే. యానిమాటిక్, అంటే స్టోరీబోర్డ్ బొమ్మలకు గొంతులు కలిపిన కచ్చా వీడియో, తయారవగానే కొందరు పిల్లలకు చూపించు. వాళ్లు పక్కచూపులు చూసిన చోటల్లా గుర్తుపెట్టుకో. పూర్తి యానిమేషన్ అయ్యాక మార్చాలంటే చాలా ఖర్చు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతున్నాను. తాబేలు నత్తిని చూసి అందరూ నవ్వే సీన్ ఉండకూడదు. నత్తి ఉన్న పిల్లలూ ఇది చూస్తారు, మర్నాడు క్లాసులో అదే సీన్ వాళ్ల మీద నడుస్తుంది. కాకి కరెంటు తీగ కొరికే సీన్ కూడా వద్దు. చిన్నపిల్లలు చూసింది చేసి చూస్తారు.

చివర్లో గుడ్లగూబ చెప్పే నీతి అక్కర్లేదు. రాత్రంతా మేలుకున్న కాకి, తీరా తెల్లారి తన వంతు వచ్చేసరికి గాఢనిద్రలో ఉంటుంది. కోడిపుంజే వచ్చి దాన్ని లేపుతుంది. ఆ పని కాకికి అప్పుడే ఇచ్చేయకు, మిగతా ఎపిసోడ్లన్నీ ఆ తీరని కోరిక మీదే నడవాలి. ఇలా మార్చి రాసి పంపు, వెంటనే చదువుతాను.

ప్రేమతో,
మీ అన్నయ్య